ఆకాశానికి కాపలా

మృగశిర కార్తె అంటే రైతులకు చెప్పనక్కరలేదు. జూన్ నెలలో వస్తుంది. ఆ కార్తెకు ఆ పేరు చుక్కల వల్లనే వచ్చింది. చలికాలం రాత్రుల్లో తల ఎత్తితే మృగశిర చుక్కలు కనిపిస్తాయి. వాటికి దగ్గర్లోనే, మన కంటికి ఆనని ఒక వస్తువు ఉంది. దాని పేరు టీ.ఎక్స్.ఎస్. 0506+056. నోరు తిరగని పేరే. శాస్త్రవేత్తలు తమ పట్టికలో రాసుకున్న నెంబరు అది.

ఇది చుక్క కాదు. లెక్కలేనన్ని చుక్కల గుంపు. ఇలాంటి గుంపును గెలాక్సీ అంటారు. వెలుగు ఒక సెకనులో 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సూర్యుడి వెలుగు మన ముంగిట్లోకి రావడానికి 8 నిమిషాలు పైగా పడుతుంది. ఈ గెలాక్సీ వెలుగు మనల్ని చేరడానికి సుమారు 400 కోట్ల సంవత్సరాలు పట్టింది. అది బయలుదేరిన నాటికి భూమి మీద మనిషి లేడు. చెట్టు లేదు, చేప కూడా లేదు.

ఆ గెలాక్సీ నడుమ ఒక కృష్ణబిలం ఉంది. అది సూర్యుడి కంటే కోట్ల రెట్లు బరువైనది. చుట్టూ ఉన్న వాయువు, ధూళి సుడిగుండంలో నీళ్ళలాగా తిరుగుతూ అందులో పడిపోతాయి. పడ్డది మళ్ళీ బయటికి రాదు. అయితే అంతా లోపలికి పోదు. కొంత అంచుల దగ్గరే రెండు ధారలుగా బయటికి చిమ్ముతుంది. దాని వేగం దాదాపు వెలుగు వేగమంత. అందులో ఒక ధార మన వైపు తిరిగి ఉంటే ఆ గెలాక్సీని బ్లేజర్ అంటారు. టార్చిలైటును పక్కనుంచి చూస్తే ఏమంత వెలుగు ఉండదు. అదే కళ్ళలోకి వేస్తే? బ్లేజర్ సంగతీ అంతే.

ఆ ధారలోంచి గామా కిరణాలు వస్తాయి. కేన్సర్ రోగులకు 'కరెంటు పెట్టారు' అంటుంటారు కదా. ఆసుపత్రిలో కోబాల్టు యంత్రం నుంచి వచ్చేవి ఈ జాతి కిరణాలే. బ్లేజర్ కిరణాలు వాటికంటే వందల, వేల రెట్లు బలమైనవి. మన అదృష్టం, గాలి పొర వాటిని నేలదాకా రానివ్వదు. కాని వాటిని నేరుగా పట్టాలంటే గాలి పైకి పోవాలి.

అందుకే 2008 జూన్ 11న అమెరికాలోని ఫ్లోరిడా నుంచి ఒక టెలిస్కోపును రాకెట్టులో పైకి పంపారు. ఇటలీలో పుట్టిన శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి పేరు దానికి పెట్టారు. అది 500 కిలోమీటర్లకు పైన ఉండి, గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది.

దీనికి అద్దం లేదు. గామా కిరణం అద్దం మీద పడి వెనక్కి తిరగదు, దూసుకుపోతుంది. అందుకని టంగ్‌స్టన్ రేకులు అమర్చారు. బల్బులో తీగ ఉండేది ఆ లోహంతోనే. కిరణం రేకుకు తగిలితే రెండు రేణువులు పుడతాయి. కింద ఉన్న సిలికాన్ పట్టీల మీద వాటి జాడ పడుతుంది. బండి జాడ చూసి బండి ఎటునుంచి వచ్చిందో చెప్పినట్లు, కిరణం ఏ దిక్కు నుంచి వచ్చిందో చెబుతారు.

బ్లేజర్లు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండవు. ఉన్నట్టుండి, పొయ్యిలో ఊక చల్లినట్లు, భగ్గుమంటాయి. 2010 నవంబరులో 3సి 454.3 అనే బ్లేజర్ అలా మండింది. దాని వెలుగు 700 కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చింది. అయినా ఆ రోజుల్లో గామా ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశంగా కనిపించింది అదే! ఏది ఎప్పుడు మండుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందువల్ల ఫెర్మి మంచె మీద కాపలావాడిలా అన్ని వైపులా చూస్తూ ఉంటుంది. ఒక్క చూపులో ఆకాశంలో అయిదో వంతు దానికి కనిపిస్తుంది.

ఈ కాపలా వల్ల ఒరిగిందేమిటి? 1912లో విక్టర్ హెస్ అనే శాస్త్రవేత్త బెలూన్ ఎక్కి పైకి పోయాడు. పైనుంచి ఏవో కిరణాలు భూమి మీద కురుస్తున్నాయని కనుక్కున్నాడు. అవి విశ్వకిరణాలు. బలమైన విశ్వకిరణాలు ఎక్కడ పుడుతున్నాయి? నూరేళ్ళు గడిచినా జవాబు తేలలేదు. అవి విద్యుత్తు ఉన్న రేణువులు. దారిలో అయస్కాంత శక్తి వాటిని వంకరలు తిప్పుతుంది. ఇక వచ్చిన దిక్కు ఎలా తెలుస్తుంది?

అయితే అవి పుట్టే చోటే న్యూట్రినోలు కూడా పుడతాయి. వీటికి విద్యుత్తు లేదు. తిన్నగా వస్తాయి. భూమినే దాటిపోతాయి. వీటిని పట్టడానికి దక్షిణ ధ్రువంలో మంచులోకి 86 బోర్లు వేశారు. మన బోర్లలా కాదు, వేడినీళ్ళతో మంచు కరిగిస్తూ రెండున్నర కిలోమీటర్ల లోతుకు దింపారు. అందులో 5,160 పరికరాలు వేలాడదీశారు. దాని పేరు ఐస్‌క్యూబ్.

2017 సెప్టెంబరు 22న అక్కడ చాలా బలమైన న్యూట్రినో ఒకటి తగిలింది. 43 సెకన్లలో లోకానికంతా కబురు పోయింది. జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఫెర్మి శాస్త్రవేత్త యసుయుకి తనాకా ఆ దిక్కున ఏముందో చూశాడు. మృగశిర పక్కనున్న బ్లేజరే! ఏప్రిల్ నుంచీ అది మండుతూనే ఉంది. ఇది కాకతాళీయం అయ్యే అవకాశం వెయ్యిలో ఒక వంతు మాత్రమే అని లెక్క వేశారు. 2018 జూలైలో ఈ సంగతి ప్రకటించారు.

అనుమానం పూర్తిగా తీరలేదు. 2014 చివరి నుంచి 2015 మొదలు దాకా అదే దిక్కు నుంచి డజను దాకా న్యూట్రినోలు ఎక్కువగా వచ్చినట్లు పాత లెక్కల్లో బయటపడింది. కాని ఆ నెలల్లో ఫెర్మికి అక్కడ మంట కనిపించలేదు. ఇది ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదు.

2018 మార్చిలో ఫెర్మికి కరెంటు ఇచ్చే సౌరపలక ఒకటి తిరగకుండా బిగుసుకుపోయింది. తిరిగే తీరు మార్చి, పని మాత్రం ఆపలేదు. మన దేశంలో లడఖ్‌లోని హాన్లే దగ్గర, 4,300 మీటర్ల ఎత్తున, మేస్ అనే టెలిస్కోపును 2024 అక్టోబరులో ప్రారంభించారు. దాని తయారీలో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. పాలు పంచుకుంది. గామా కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే నీలి మెరుపును అది నేలమీద నుంచే చూస్తుంది. బ్లేజర్ల మంటలను చూడటం దాని పనుల్లో ఒకటి.