పిల్లి ముందు పాలగిన్నె

చెల్లీ, మొన్న ఉప్పల్ నుంచి ఫోన్ చేసి, "అక్కా, డాలస్‌లో మన పిల్ల ఫెర్రెట్‌ను తెచ్చుకుందట, ఇంట్లోనే వండి పెడుతుందట, బలానికి ఇంత పాలపొడి కలపమని చెప్పిన" అన్నావు చూడు, అప్పుడు నేను నాచారంలో వంకాయలు బేరమాడుతున్నాను. ఊఁ కొట్టి పెట్టేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు.

ఆ జీవి చూడ్డానికి ముంగిసలా పొడుగ్గా ఉంటుంది గానీ ముంగిస కాదు, నీటికుక్కకు చుట్టం. యూరప్ వాళ్లు బొరియల్లోంచి కుందేళ్లను తరమడానికి ఎప్పుడో మచ్చిక చేసుకున్నారు. మాంసం తప్ప మరోటి తెలియని కడుపు దానిది. పేగు ఎంత పొట్టిదంటే తిన్నది 3, 4 గంటల్లో బయటికొచ్చేస్తుంది. పాలలో ఉండే చక్కెరను, అదే లాక్టోజ్‌ను, అరిగించుకునే శక్తి దానికెక్కడిది? నీళ్ల విరేచనాలే.

"పాలు కాదక్కా, పాలపొడి" అంటావు. అక్కడే పప్పులో కాలేశావు. పాలలో నీళ్లు ఇగిరితే చక్కెర ఎక్కడికి పోతుందే? ఇంకా చిక్కబడుతుంది. వెన్న తీసిన పాలపొడిలో సగానికి సగం లాక్టోజే.

నేనూ తక్కువ తినలేదులే. ఆ వానాకాలం మన గల్లీలో స్కూటర్ కింద దొరికిన పిల్లిపిల్ల గుర్తుందా? కళ్లు అప్పుడే తెరిచింది. గేదెపాలు వెచ్చబెట్టి దూదితో పట్టాను. ఎదురింటి వదిన అంగన్‌వాడీ నుంచి వచ్చిన బాలామృతం జావ కాచి తెచ్చింది. మన నాచారంలోనే తయారవుతుంది కదా, దానిమీద ఆమెకు అదో గురి. అందులో ఉండేది గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు బిడ్డలకు చక్కని తిండే. పిల్లిపిల్లకేం పనికొస్తుంది? రెండు రోజుల్లో తోక కింద అంతా పుండైపోయింది. పశువుల డాక్టరు గారు తిట్టలేదు, నవ్వారు. తల్లిపిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాలకు రెట్టింపు ఉంటాయట. పిల్లిపిల్లల కోసమే చేసిన పొడి రాసిచ్చి, బోర్లా పడుకోబెట్టి పట్టమన్నారు. వెల్లకిలా పెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒళ్లు వెచ్చబడనివ్వాలి, చల్లబడ్డ కడుపులో ఏ పాలూ అరగవు.

పాలు మానేసే వయసు రాగానే పాల చక్కెరను విరగ్గొట్టే లాక్టేజ్ తగ్గిపోవడం మామూలు. మనుషుల్లోనూ అంతే. హబ్సిగూడ దాటి వస్తుంటే ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ కనిపిస్తుందే, అక్కడి శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునేలా చేసే జన్యుమార్పు యూరప్ వాళ్లదీ మనదీ ఒకటేననీ, వాయవ్యాన ఎక్కువగా ఉండి దక్షిణానికి వచ్చేకొద్దీ తగ్గుతుందనీ తేలింది. మన నాయనమ్మ పాలు ముట్టకుండా మజ్జిగ మాత్రం చెంబులకొద్దీ తాగేది ఊరికే కాదేమో.

ఇక కాల్షియం సంగతి. నీ అసలు దిగులు అదేనని తెలుసు. నిజమే, ఎముక లేని చికెన్ ఒక్కటే పెడితే ఫాస్ఫరస్ బోలెడు, కాల్షియం బొత్తిగా లేదు. అయితే పాలలోనూ ఆ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, వాటితో ఆ లోటు పూడదు. కోడిగుడ్డు పెంకులు కడిగి, వేయించి, మెత్తగా పొడి చేసి, అర కిలో మాంసానికి అర టీస్పూను కలిపితే సరి. గుండెకాయ ముక్కలూ వేయమను, టారిన్ అనే పోషకం వాటిలోనే ఎక్కువ. అది లేకుంటే పిల్లులకు చూపు పోతుంది, గుండె జబ్బు వస్తుంది. ఉడికించిన నీళ్లు పారబోయొద్దని కూడా చెప్పు, టారిన్ అందులోకి దిగుతుంది.

ఫెర్రెట్‌కు జబ్బు చేస్తే అమెరికాలో 'డక్ సూప్' అని కాస్తారట, పేరులో తప్ప గిన్నెలో బాతు ఉండదు. కొందరు అందులో పిల్లిపిల్లల పాలపొడి ఓ చెంచా కలుపుతారు, వాసనకు ఆశపడి నాలుగు చుక్కలు నాకుతుందని. అంతవరకు సరే. రోజూ గిన్నెలో వేసే సరుకు మాత్రం కాదు. పైగా కాస్త వయసొచ్చిన ఫెర్రెట్లకు క్లోమంలో కణితులు రావడం, రక్తంలో చక్కెర పడిపోవడం ఎక్కువ. తీపి తగలనివ్వకూడదు. వాళ్ల డాక్టరునే ఒకసారి కనుక్కోమను.

మన పిల్లి ఇప్పుడు గోడమీద దొరలా పడుకుని ఉంది. పాలగిన్నె పెడితే నాకుతుంది, కాదనను. మీగడ కోసం దాని పాట్లు. ఇంకో గంటకు చాప మీద తుడుచుకోవాల్సింది నేను. అందుకే పాలు తోడు పెట్టేసి, దానికి కోడి లివరు ఉడకేస్తున్నాను. ఆదివారం నేనే ఉప్పల్ వస్తాను, గుడ్డు పెంకులు పారేయకు.