రోగి మంచము దిగుట యెప్పుడు?

కట్లపాము కరచినను, న్యుమోనియా ముదిరినను, ఊపిరి చాలక రోగి ఐ.సి.యు.లో శ్వాసయంత్రముపై నుండవలసి వచ్చును. అట్టివానిని జూచి, "కదల్పకుడు, పడుకొననిండు" అను బంధువుల మాట మన పెద్దదోర్నాల ప్రాంతమున మేము తఱచు వినుచుందుము. అది ప్రేమచే బలికిన మాటయే గాని, ఎల్లప్పుడును మేలుచేయునది కాదు.

కండరము పనిచే బలియును, పనిలేమిచే క్షీణించును. తీవ్రరోగమున నీ క్షీణత మిక్కిలి త్వరితము. 2013లో ఇంగ్లండు వైద్యులు కొలువగా, పది దినములలో రోగుల తొడకండరము నూటికి 17 పాళ్లకు మించి తగ్గెను. ప్రాణము దక్కియు కొందఱు నిలువలేకపోవుట కిది యొక కారణము.

కావున యంత్రము తీయకమునుపే సాధన మొదలిడుదురు: తొలుత కాలుసేతులు కదల్చుట, పిదప మంచపు టంచున కూర్చుండబెట్టుట, నిలువబెట్టుట, తుదకు నడిపించుట. 2009లో అమెరికాలో 104 మందిని పరిశీలింపగా, సాధన త్వరగా మొదలిడినవారిలో నూటికి 59 మంది, తక్కినవారిలో 35 మంది, ఆసుపత్రి విడుచునాటికి తమ పనులు తామే చేసికొనగలిగిరి.

అయినను మితిమీరరాదు. 2022లో 750 మందిపై జరిగిన పరిశోధనమున, వాడుకకంటె నధికముగా కదలించుటచే అదనపు లాభము గానరాలేదు; గుండె లయ తప్పుట మున్నగు నపాయములు హెచ్చెను.

విద్యార్థులారా! పాము కరచిన తక్షణమే కదలక, ఇతరుల సాయమున ఆసుపత్రి చేరవలెను. గండము గడచిన పిదప కదలవలెను. ఆ వేళను వైద్యుడు నిర్ణయించును. చేయూత నిచ్చుట మన వంతు.