కావలి కాచిన క్రీడాకారుడు

పాఠ్యభాగ పరిచయం

ఫుట్‌బాల్ ఆటలో గోల్ చేసినవాని పేరు అందరికీ తెలుస్తుంది. గోల్ పడకుండా ఆపినవాని శ్రమ చాలామంది దృష్టికి రాదు. అటువంటి శ్రమనే జీవితధర్మంగా స్వీకరించి, భారత జట్టుకు నాయకత్వం వహించిన హైదరాబాదు క్రీడాకారుడు సయ్యద్ నయీముద్దీన్. ఆయన క్రీడాజీవితాన్ని ఈ పాఠం పరిచయం చేస్తుంది.

పాఠం

ధర్మవరం నుండి హిందూపురానికి రైలులో ప్రయాణించేవారికి దారిలో పెనుకొండ కనిపిస్తుంది. 1565లో జరిగిన రాక్షస తంగడి యుద్ధంలో పరాజయం పొందిన పిమ్మట, విజయనగర ప్రభువులు తమ రాజధానిని హంపి నుండి ఈ కొండ నీడకు మార్చుకొన్నారు. ఇచ్చట ఏలిన రాజుల పేర్లు చరిత్రలో నిలిచాయి. బురుజులపై రాత్రింబవళ్లు కావలి కాచిన భటుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. శత్రువు లోపలికి రాని ప్రతి రాత్రీ వారి విజయమే. కాని, జరగని దండయాత్రను గురించి ఎవరు శాసనం చెక్కిస్తారు?

ఫుట్‌బాల్ మైదానంలో రక్షకుని స్థితి ఇంచుమించు ఇటువంటిదే. దాడి చేసే ఆటగాడు పది అవకాశాలను జారవిడిచి, పదకొండవసారి గోల్ చేస్తే జేజేలు అందుకొంటాడు. రక్షకుడు పదిసార్లు ప్రత్యర్థిని నిలువరించి, పదకొండవసారి తడబడితే ఆ తడబాటునే జనం గుర్తుంచుకొంటారు. బంతిని మాత్రమే చూస్తూ ఉంటే అతని పని నెరవేరదు. ప్రత్యర్థి ఎటు కదలుతాడో, తన సహచరుడు విడిచిన చోటు ఏదో, ఎప్పుడు ముందుకు సాగాలో, ఎప్పుడు వెనుకకు తగ్గాలో క్షణంలో నిర్ణయించుకోవాలి. తొందరపడి కాలు చాపితే ప్రత్యర్థి తప్పించుకొనిపోతాడు. అందువలన రక్షకునికి బలం ఎంత అవసరమో, ఓర్పు అంతకంటె అవసరం.

ఇటువంటి విద్యకు ఒకప్పుడు హైదరాబాదు నగరం పేరెన్నికగన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు అచ్చటి ఆటగాళ్లకు శిక్షకుడై, హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దేశంలోనే మేటి జట్టుగా తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆటగాడు తన బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను రహీం నిర్వహించేవాడు. రెండు కాళ్లతోను సమానంగా ఆడగలవానిని ఏ దిక్కునుండీ మోసగించడం సులభం కాదు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1963లో రహీం కన్నుమూశాడు.

రహీం నెలకొల్పిన ఆ సంప్రదాయంలో నుండి వచ్చినవాడే నయీముద్దీన్. ఆయన 1944లో హైదరాబాదులో జన్మించాడు. పోలీసు జట్టులో ఆటకు మెరుగులు దిద్దుకొని, తరువాత కలకత్తా చేరుకొన్నాడు. నాడు ఫుట్‌బాల్‌ను జీవనవృత్తిగా ఎంచుకొన్నవారికి ఆ నగరమే పెద్ద గమ్యం. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు ప్రఖ్యాత సంఘాల పక్షానా ఆయన ఆడాడు. ఈ సంఘాల అభిమానుల మధ్య పోటీ ఎంత తీవ్రమైనదో తెలిసినవారికి, ఆ మూడింటి విశ్వాసాన్నీ చూరగొనడం ఎంత కష్టమో బోధపడుతుంది.

ఆయన జీవితంలో మరపురాని ఘట్టం 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలు. ఆ పోటీలలో భారత జట్టుకు ఆయనే నాయకుడు. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓటమి ఎదురైంది. స్వర్ణం చేజారిన బాధ నుండి తేరుకొని, కాంస్యపతకం కోసం మరల పోరాడవలసి వచ్చింది. ఈసారి ప్రత్యర్థి జపాన్. రెండేళ్ల క్రితమే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు అది. మన్‌జీత్ సింగ్ చేసిన గోల్‌తో భారత జట్టు 1-0 తేడాతో విజయం సాధించింది.

ఈ లెక్కలో ఒకటి అనే అంకె మన్‌జీత్‌ది. పక్కన ఉన్న సున్న ఎవరిది? అది వెనుక నిలిచి కాపు కాసినవారిది. ఆ సున్న చెదిరి ఉంటే పతకం దక్కేదో లేదో చెప్పలేము. ఆ తరువాత 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు మరొక పతకం గెలువలేదన్న సంగతి, ఆనాటి విజయం విలువను మరింత పెంచుతున్నది.

1970లోనే నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించింది. ఆట విరమించిన పిమ్మట ఆయన శిక్షకుడైనాడు. క్రమశిక్షణ విషయంలో ఎవరినీ ఉపేక్షించనివాడని పేరు పొందాడు. 1990లో ద్రోణాచార్య పురస్కారాన్ని స్వీకరించి, ఆ గౌరవం పొందిన తొలి ఫుట్‌బాల్ శిక్షకుడైనాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1997లోను, 2005లోను దక్షిణాసియా విజేతగా నిలిచింది. అర్జునుడై ఆడినవాడే ద్రోణుడై నేర్పడం అరుదైన భాగ్యం.

నేడు అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు నెలకొల్పిన క్రీడాగ్రామం వలన ఈ ప్రాంతపు పల్లె బిడ్డలకు కూడా ఫుట్‌బాల్ పరిచయమైనది. ధర్మవరంలోనైనా, హిందూపురంలోనైనా బంతి దొరికిన పిల్లలలో ఎక్కువమంది ముందు వరుసలోనే ఆడాలని ఉబలాటపడతారు. అది సహజం. అయితే, వెనుక నిలువడానికి ఒప్పుకొనే ఒకడు లేనిదే ఏ జట్టూ నిలువదు. ఇంటిలోను, సంఘంలోను కీడు జరగకుండా కాచేవారి పని కూడా ఇటువంటిదే. పెనుకొండ గోడలను చూచినపుడు కట్టించిన రాజుతోపాటు, కావలి కాచిన భటుని కూడా తలచుకోవడం మన ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు

పిమ్మట = తరువాత
బురుజు = కోటగోడపై కావలి ఉండే ఎత్తైన కట్టడం
పేరెన్నికగన్న = ప్రసిద్ధి పొందిన
చూరగొను = పూర్తిగా పొందు
ఉపేక్షించు = పట్టించుకోక విడిచిపెట్టు

ప్రశ్నలు

1. రక్షకుని పనిని రచయిత కోట కాచే భటుని పనితో ఎందుకు పోల్చాడు?
2. 1970 ఆసియా క్రీడలలో భారత జట్టు విజయాన్ని వివరించండి.
3. ‘పక్కన ఉన్న సున్న ఎవరిది?’ ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.