గ్రాఫిక్స్ కార్డు బాటలు, వాటి వేగము

విద్యార్థులారా, గేమింగ్ లాప్‌టాప్ చౌకవస్తువు కాదు. తలిదండ్రులు నెలల తరబడి కూడబెట్టిన ద్రవ్యముతో కొనిన యంత్రమది. దానిలో జీపీయూ-జెడ్ అను పరీక్షాసాధనమును తెరచి చూడగా, బస్ ఇంటర్‌ఫేస్ అను గడిలో "ఎక్స్ 16 4.0 @ ఎక్స్ 8 1.1" అని కొన్ని లాప్‌టాప్‌లలో కానవచ్చును. పదునారు ఉండవలసిన చోట ఎనిమిది, నాలుగు ఉండవలసిన చోట ఒకటి! మోసపోతిమను భయము వెంటనే కలుగును. ఈ భయమునకు కారణము కలదో లేదో నిర్ణయించుటకు ముందుగా ఆ యంకెల యర్థమును క్రమముగా నేర్చుకొందము.

బాటలు, తరములు

కంప్యూటరునకు మెదడు వంటిది ప్రాసెసరు. బొమ్మలను లెక్కకట్టి తెరకు సిద్ధపరచునది గ్రాఫిక్స్ కార్డు. ఈ రెంటి నడుమ సమాచారము పోవు మార్గమునకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ అని పేరు. ఈ మార్గమున ప్రక్కప్రక్కన పెక్కు బాటలుండును, వీనినే లేన్లందురు. ఎక్స్ 8 అనగా ఎనిమిది బాటలు, ఎక్స్ 16 అనగా పదునారు. 1.1, 3.0, 4.0 అనునవి ఆ బాటల తరమును, అనగా వేగమును దెలుపును.

ధాన్యపు బండ్లు పోవు దారిని తలంచుడు. గంటలో ఎన్ని బస్తాలు ఊరు చేరునన్నది రెండు సంగతులపై నాధారపడును: ఒక్కసారిగా ఎన్ని బండ్లు ప్రక్కప్రక్కన పోగలవు? ఒక్కొక్క బండి ఎంత వేగముగా పోవును? ఇక్కడను అంతే. బాటల సంఖ్యను ఒక్క బాట మోయు భారముతో హెచ్చింపవలెను.

2003లో వెలువడిన మొదటి తరమున ఒక్కొక్క బాట సెకనునకు ఒక దిక్కున 250 మెగాబైట్లను మోయును. 1.1 కును ఇదే వేగము. 2007 నాటి 2.0లో 500, 2010 నాటి 3.0లో రమారమి 985, 2017 నాటి 4.0లో రమారమి 1,969, 2019 నాటి 5.0లో రమారమి 3,938 మెగాబైట్లు పోవును. కావున 4.0 తరపు ఎనిమిది బాటలు సెకనునకు రమారమి 15.75 గిగాబైట్లను మోయును. 3.0 తరపు పదునారు బాటలు మోయునదియు నంతే. సంఖ్య సగమైనను, వేగము రెట్టింపైనందున ఫలము సమానమైనది.

ఎనిమిది యేల? ఒకటి యేల?

పై గడిలో మొదటి భాగము కార్డునకు గల శక్తిని దెలుపును; రెండవ భాగము ఆ క్షణమున జరుగుచున్న దానిని దెలుపును. ఈ భేదమును గమనింపకుండుటయే భయమునకు మూలము.

ఎనిమిది అనునది తరచుగా నిర్మాణములోనిదే. 2022లో వచ్చిన ఇంటెల్ పన్నెండవ తరపు హెచ్ శ్రేణి ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కొరకు 4.0 తరపు ఎనిమిది బాటలనే యిచ్చుచున్నవి. 2023లో వెలువడిన ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ కార్డునకు ఉన్నవే ఎనిమిది. ఇందు లోపమేమియు లేదు.

ఇక 1.1 మాట. పని లేనప్పుడు ఎద్దులను కాడి నుండి విప్పుదుము గదా! అట్లే తెరపై విశేషమైన పని లేనప్పుడు విద్యుత్తును పొదుపు చేయుటకై యంత్రము బాటల వేగమును తానే తగ్గించుకొనును. పని తగిలినంతనే మరల హెచ్చించును. దీనిని పరీక్షించుట సులభము. ఛార్జరును తగిలించి, ఆ గడి ప్రక్కనున్న ప్రశ్నార్థకపు గుర్తును నొక్కి, అందలి పరీక్షను నడిపి, అంకెను మరల చూడుడు. 1.1 అనునది 4.0గా మారినచో కార్డు ఆరోగ్యముగా నున్నది.

ఆటకు ఎంత నష్టము?

బాటలు సగమైనంత మాత్రమున ఆట సగము కాదు. ఆటకు వలయు బొమ్మలు మొదట కార్డు యొక్క స్వంత మెమరీలోనికి చేరును. ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ కార్డు తన 8 గిగాబైట్ల మెమరీతో సెకనునకు 256 గిగాబైట్ల వేగమున వ్యవహరించును. ఇది బాటల వేగమునకు పదునారు రెట్లు. గాదె ఇంటిలోనే నిండియుండగా దారి యిరుకన్న చింత కొద్ది.

గాదె చిన్నదైనప్పుడు మాత్రము దారి ముఖ్యమగును. లాప్‌టాప్‌ది కాకున్నను బల్లకంప్యూటరు కార్డొకటి దీనికి మంచి దృష్టాంతము. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి మెమరీ 4 గిగాబైట్లు, బాటలు నాలుగే. దానిని 3.0 తరపు పాత యంత్రములలో అమర్చినప్పుడు పెక్కు ఆటలు స్పష్టముగా మందగించినవి.

కావున కొనునప్పుడు బాటలకంటె ముందు మెమరీని, వాట్లను విచారింపవలెను. ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ కార్డే 35 వాట్లు మొదలు 115 వాట్ల వరకు భిన్నశక్తులతో అమర్పబడుచున్నది. పేరొకటే యైనను పని యొకటి కాదు.

పరీక్ష నడుచుచుండగను అంకె 1.1 వద్దనే నిలిచినయెడల, లేక బాటలు నిర్మాత చెప్పిన సంఖ్యకు తగ్గినయెడల, అప్పుడు లోపమును శంకింపవచ్చును. మొదట విద్యుత్ పొదుపు ఏర్పాటును మార్చి చూచి, పిదప నిర్మాత యిచ్చు క్రొత్త డ్రైవరును, బయాసును అమర్పవలెను. అప్పటికిని మారనిచో గడువు దాటకముందే నిర్మాత సేవాకేంద్రమున చూపవలెను. లాప్‌టాప్‌లలో కార్డు సాధారణముగా మదర్‌బోర్డునకే అతుకబడియుండును గనుక, ఇంట విప్పి సరిచేయ యత్నింపరాదు.

ఏ యంకెనైనను ఏ స్థితిలో కొలిచితిమో తెలిసికొనక తీర్పు చెప్పరాదు. విశ్రాంతిలో నున్నవానిని చూచి సోమరి యనుట న్యాయము కాదు గదా!

అభ్యాసము: 3.0 తరపు ఎనిమిది బాటలు సెకనునకు ఎన్ని గిగాబైట్లను మోయును? అంత భారమునే 4.0 తరమున మోయుటకు ఎన్ని బాటలు చాలును?