ముంగిటి ముగ్గు

ధనుర్మాసం ప్రవేశించిన నాటినుండి తిరుమలలో సుప్రభాతానికి బదులుగా తిరుప్పావై వినిపిస్తుంది. గోదాదేవి అనుగ్రహించిన ఆ 30 పాశురాలు తెలియని భక్తులు అరుదు. ఆ తల్లియే రచించిన మరొక ప్రబంధం నాచ్చియార్ తిరుమొళి. అందులో 143 పాశురాలున్నవి. దాని మొదటి దశకంలో గోదాదేవి తాను చేసిన పనులను చెప్పుకొంటుంది. తై మాసంలో నేలను శుభ్రపరచి మండలం తీర్చడం, సన్నని ఇసుకతో వీధిని అలంకరించడం, తనను కృష్ణునితో చేర్చుమని మన్మథుని వేడుకొనడం ఆ పనులు. భగవంతుని పెనిమిటిగా పొందగోరిన కన్య ఆరంభించిన తపస్సు అరణ్యంలో కాదు, వాకిట్లో!

ఈ సంగతి నేను 61వ యేట చదివాను. అంతకు ముందు చదివియున్నచో గమనించకుండా దాటిపోయేవాడిని. ఎందుకంటే ముగ్గు దాటిపోవడం నాకు 34 సంవత్సరాల అలవాటు.

నేను ఖజానా శాఖలో ఉద్యోగం చేసి విరమించినవాడిని. మా నివాసం రాజమహేంద్రవరం. ప్రతి ఉదయం తొమ్మిదింటికి చెప్పులు వేసుకొని, వాకిటి ముగ్గుపై అడుగు పడకుండా ఒక పెద్ద అంగ వేసి వీధిలోకి వెళ్ళేవాడిని. తొక్కరాదని తెలుసు గనుక మర్యాదగా దాటేవాడిని. ఆ మర్యాదలో చూపు మాత్రం లేదు. ఏ రోజు ఏ ముగ్గు ఉన్నదని ఎవరైనా అడిగినచో ఒక్కనాటికీ చెప్పలేకపోయేవాడిని.

నా సహధర్మచారిణి ఒక కార్తికమాసంలో స్వల్ప అస్వస్థతతో పరమపదించింది. ఏటిసూతకం కారణంగా ఆ సంవత్సరం పండుగలు లేవు. నిత్యం వేసే చిన్న ముగ్గునకు సైతం వేసే చేయి లేకపోయింది. వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లే పనిమనిషి, "ముగ్గు వేయమంటారా బాబుగారూ?" అని ఒకసారి అడిగితే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆనాడు నాకే తెలియదు. తొమ్మిదింటికి బయటకు వెళ్ళేటప్పుడు నా కాలు మాత్రం అలవాటుగా ఆ పెద్ద అంగ వేస్తూనే ఉన్నది. కింద ఏమీ లేదు. ఆ సంగతి ఎదురింటివారు గమనించి తమలో తాము బాధపడినారని తరువాత తెలిసింది.

సంవత్సరికం దగ్గరపడినప్పుడు బీరువా సర్దుతుండగా పాత డైరీలు బయటపడినవి. ప్రతి జనవరిలో కార్యాలయం నుండి నేను తెచ్చియిచ్చినవే. పాల లెక్క, చాకలి పద్దు వ్రాసుకొంటుందని అనుకొనేవాడిని. మొదటి పుటలలో పాల లెక్కే ఉన్నది. వెనుకనుండి తిప్పితే అన్నీ ముగ్గులు. ఒక్కొక్కదాని కింద చిన్న అక్షరాలతో, "15 నుంచి 8 వరకు, సందు చుక్క", "7 నుంచి 1 వరకు, సరి చుక్క" అని గుర్తులు. అక్కడక్కడ ఒక మాట. "వాన, సగంలో ఆపాను." "చిలుకల ముక్కులు కుదరలేదు, రేపు మళ్ళీ." "గేదె తొక్కింది, అయినా బాగుంది."

లెక్కల మనిషిని గనుక మొదట చుక్కలు లెక్కించాను. 15 నుంచి 8 వరకు సందు చుక్క అంటే మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, ఇరువైపులా 14, 13, 12 చొప్పున తగ్గించుకొంటూ 8 దగ్గర నిలపడం. పై వరుసలోని చుక్క కింది వరుసలోని రెండు చుక్కల సందున పడాలి. మొత్తం 169 చుక్కలు, ఆరు అంచుల ఆకారం. ఇవే చుక్కలను ఆమె ఒక పుటలో పద్మంగాను, మరొక పుటలో దీపాల వరుసగాను, ఇంకొక పుటలో కుదరని ముక్కుల చిలుకలుగాను కలిపింది. సరి చుక్కలో అయితే చుక్క కింద చుక్క నిలువుగా వస్తుంది. 7 నుంచి 1 వరకు 25 చుక్కలే. నియమం ఒక్కటే, కలిపే తీరులో మాత్రం స్వేచ్ఛ. 1970ల దశకంలో మద్రాసు క్రిస్టియన్ కళాశాల ఆచార్యులు గిఫ్ట్ సిరోమణి తమ సహచరులతో కలిసి ఈ ముగ్గుల అల్లికను కంప్యూటరు శాస్త్రపు దృష్టితో పరిశోధించి, వ్యాకరణం వంటి సూత్రాలతో వీటిని వివరించవచ్చునని చూపినారు. నా భార్య చదువు పదవ తరగతి. తెల్లవారుజామున వీధిదీపపు మసక వెలుతురులో 169 చుక్కలను వ్రేళ్ళతో లెక్కపెట్టకుండా పెట్టేది.

ఆమె ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉన్నది. ఆ బాధ తీరిందని చెప్పడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు.

ఆబ్దికం నాడు ఆచారం ప్రకారం వాకిట ముగ్గు ఉండదు. మరునాటి తెల్లవారుజామున నేనే ముగ్గుడబ్బా తీసుకొని బయటకు వెళ్ళాను. వీధిలో ఎవరూ లేరు. ఎవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకొన్నాను కూడా. నాలుగు చుక్కలు పెట్టాను. అవి నాలుగు చుక్కలు కావు, నాలుగు కుప్పలు.

ముగ్గు వేయడం చూచినంత సులభం కాదు. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య పిండి పట్టుకొని, బొటనవ్రేలిని మెల్లగా కదుపుతూ, పిండి జారే వేగానికి చేయి సాగే వేగాన్ని జతచేయాలి. చేయి ఆగితే గీత లావెక్కుతుంది, తొందరపడితే తెగిపోతుంది. నేల తడి ఎక్కువైతే పిండి నానిపోతుంది, మరీ ఆరితే గాలికి లేస్తుంది. నీళ్ళు చల్లిన పిమ్మట ఎంతసేపు ఆగాలో గడియారం చెప్పదు, పాదానికి తగిలే చల్లదనం చెబుతుంది. బండిమీద వచ్చే ముగ్గు రాతిపొడి గనుక సులువుగా జారుతుంది. బియ్యప్పిండికి చెమ్మ తగిలితే వ్రేళ్ళ నడుమ ఉండ కడుతుంది. అయినను పెద్దలు పిండి ముగ్గునే శ్రేష్ఠమన్నారు. చీమలకూ పిచ్చుకలకూ అది ఆహారం. గృహస్థుడు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. నేను పండుగనాళ్ళలో పిండితోను, తక్కిన రోజులలో రాతిపొడితోను వేస్తాను. అంతకు మించిన నిష్ఠ నాకు లేదు.

నాకు గురువు లభించిన విధం చెప్పాలి. మూడవ రోజున పక్కింటి పాప, అప్పుడు దానికి పదేళ్ళు, అరుగుమీద కూర్చుని పళ్ళు తోముకొంటూ, "తాతగారూ, ఆ చుక్కని వదిలేశారు" అన్నది. మెలిక ముగ్గులో గీత ప్రతి చుక్కనూ చుట్టి బయలుదేరిన చోటికి చేరాలి. నా గీత ఒక చుక్కను బయట వదిలి ఎటో పోయింది. 33 సంవత్సరాలు ఇతరుల పద్దులలో తప్పులు పట్టినవాడిని, పదేళ్ళ పిల్ల చేత తప్పు పట్టించుకొనడం కష్టంగానే తోచింది. చెరిపి మళ్ళీ వేశాను. మళ్ళీ తప్పింది. అది పేస్టు ఉమ్మివేసి వచ్చి నా చేయి పట్టుకొని తిప్పింది. ఆ రోజు గీత చుట్టు తిరిగి మొదటి చోటును తాకినప్పుడు కలిగిన సంతోషం, ఉద్యోగంలో పదోన్నతి వచ్చిననాడు కలుగలేదు. అతిశయోక్తి అనుకోవద్దు. పదోన్నతి నాడు తరువాతి పదోన్నతి సంగతి ఆలోచించాను. ఈ రోజున ఏమీ ఆలోచించలేదు.

వయస్సు పెరిగినవారికి కొత్త విద్యలు ఎందుకు రావు అని అడిగితే, వ్రేళ్ళు బిరుసెక్కడం చిన్న కారణమే అంటాను. తప్పు చేస్తూ ఇతరుల కంట పడడానికి మనం ఒప్పుకోము. అది పెద్ద కారణం. పిల్లలు రోజంతా అందరి ముందు తప్పులు చేస్తూనే నేర్చుకొంటారు.

కంట పడక తప్పలేదు. "ముగ్గు మగవారి పనా మాస్టారూ" అని ఒక మిత్రుడు నవ్వాడు. ఆ మాట నన్ను కొంత కలవరపెట్టింది. మా ఆలయ అర్చకస్వామి వద్ద దీనిని ప్రస్తావించగా, వారు నవ్వి పాంచరాత్ర దీక్షలలో చక్రాబ్జ మండలాన్ని రంగురంగుల పొడులతో తీర్చేది ఎవరనుకొంటున్నారని ఎదురు ప్రశ్న వేశారు. యాగశాలలో మండలం వేసే ఆచార్యుని వ్రేళ్ళు, వాకిట్లో ముగ్గు వేసే ఇల్లాలి వ్రేళ్ళు పట్టుకొనే తీరు ఒకటే. ఆ తరువాత ఎవరు నవ్వినా నేనూ వారితో కలిసి నవ్వుతున్నాను.

ఇక్కడ నా దోషం ఒకటి చెప్పుకోవాలి. కొంచెం చేయి తిరిగిన తరువాత ప్రతి ముగ్గునూ ఫోనులో ఫోటో తీసి విదేశంలో ఉన్న మా అబ్బాయికి పంపసాగాను. వాడు సంతోషించాడు, తన మిత్రులకు చూపాడు, వారు మెచ్చుకొన్నారు. క్రమంగా ఫోటోలో బాగా కనిపించే ముగ్గులే వేయనారంభించాను. ఒకనాడు రంగు కలిసిన చోట మచ్చ కనిపిస్తున్నదని, వేసిన ముగ్గు తుడిచి మరల వేశాను. ఇంకొకనాడు మెప్పు రాలేదని మధ్యాహ్నం వరకు మనస్సు చిన్నబుచ్చుకొన్నది. డైరీలో తేదీ, చుక్కల సంఖ్య, పట్టిన నిమిషాలు పద్దుగా వ్రాస్తున్నాను కూడా. అరవై దాటి మరల ఉద్యోగంలో చేరినట్లయింది! ఆమె డైరీ తెరచి "గేదె తొక్కింది, అయినా బాగుంది" అన్న మాట చూసుకొన్నాను. ఫోటోలు ఆపివేశాను. అబ్బాయితో ఇప్పుడు ఆదివారాలు ముగ్గు గురించి మాటలలోనే చెబుతాను. వాడు వాళ్ళమ్మ వేసే చిలుకల గురించి చెబుతాడు. నేను చూడనివి వాడు చిన్నప్పుడు చూశాడు.

మొదట్లో పది గంటలకు స్కూటర్లు ముగ్గుమీదుగా పోతుంటే ప్రాణం విలవిలలాడేది. ఖజానా శాఖవాడికి దేనినైనా భద్రపరచాలనే తపన సహజం. ఇప్పుడు సాయంత్రానికి చెరగిపోయిన వాకిలి చూస్తే రేపటికి ఖాళీ జాగా దొరికినట్లుంటుంది.

ఈ పత్రికను చదివేవారిలో దాతలు ఎందరో ఉన్నారు. నేనూ అన్నదాన పథకానికి యేటా యథాశక్తి చెల్లించి రశీదు దాచుకొనేవాడిని, ఇప్పటికీ చెల్లిస్తున్నాను. ఆ ధనం లేనిదే వంటశాలలో పొయ్యి వెలగదు. అయితే నిరుడు మా ఆలయంలో కూరలు తరిగే సేవకు కూర్చున్నాను. గుమ్మడికాయ ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలని, లేనిచో కొన్ని ఉడికి కొన్ని ఉడకవని, నా పక్కన కూర్చున్న వృద్ధురాలు చెప్పింది. రెండు గంటలు గడిచినట్లు తెలియలేదు. ఆ పూట నేను తిన్న పులుసులో నేను కోసిన ముక్క ఏదో గుర్తుపట్టాలని చూశాను, చిన్నపిల్లవాని వలె. భగవద్గీత 9వ అధ్యాయంలో స్వామి పత్రం, పుష్పం, ఫలం, జలం ఏదైనా భక్తితో ఇస్తే స్వీకరిస్తానన్నాడు. ఆ నాలుగింటిలో ఏదీ కొనవలసినది కాదు. కోసుకొని, ఏరుకొని, తోడుకొని తేవలసినవి. చేతికి పని ఉన్నది.

తాళ్ళపాక అన్నమాచార్యులవారు వేంకటేశ్వరునిపై జోలపాటలు, దంపుళ్ళ పాటలు, ఉయ్యాల పాటలు కూడా చెప్పినారు. రోకలి పోటుకు, ఊయల ఊపుకు ఉన్న లయనే వారు స్వామికి సమర్పించినారు. వడ్లు దంచే చేయి పని ఆపనవసరం లేకుండానే కీర్తనలో భాగమయింది. ముగ్గు వేసేటప్పుడు తిరుప్పావై నెమ్మదిగా చెప్పుకొంటే ఒక చిన్న మెలిక ముగ్గు పూర్తయ్యేసరికి మూడు నాలుగు పాశురాలు పూర్తవుతాయని నేను గమనించాను. ఇది శాస్త్రం కాదు, నా అనుభవం. తప్పు పాశురం చెప్పినరోజు గీత కూడా తప్పుతున్నది.

మొదలుపెట్టదలచినవారికి ఒక్క సలహా. పెద్ద ముగ్గుతో ఆరంభించవద్దు. సరి చుక్క 3 నుంచి 1 వరకు, అంటే అయిదే చుక్కలు, చాలును. అపార్టుమెంటులో గుమ్మం ముందు అంతకంటె జాగా కూడా ఉండదు. ముగ్గు కాకపోతే పూలమాల కట్టండి, వత్తులు చేయండి, తులసికోట చుట్టూ మట్టి పూయండి. వాకిలికి అంటించే ప్లాస్టిక్ ముగ్గు కాగితాన్ని మాత్రం నేను సిఫారసు చేయలేను. దానిని దాటిపోవడం మరీ సులభం.

కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడును పక్కింటి ముగ్గుతో కలపడం మా వీధిలో ఆచారం. మొదటి సంక్రాంతికి నా రథం ఒకవైపు ఒరిగింది, చక్రాలు సమానంగా రాలేదు. పాప తల్లి వచ్చి, "వదినగారి రథానికి ఎప్పుడూ తాడు మీ వాకిలి నుంచే బయలుదేరేది అన్నయ్యగారూ, మాది మీ తాడుకోసం ఆగేది" అన్నది. పిండి పట్టుకొని వంగి గీయసాగాను. సగం దూరంలో పిండి అయిపోయింది. అవతలి నుండి పాప తన గిన్నెతో గీసుకొంటూ వచ్చి, కాలువ పలకమీద నా గీతకు తన గీతను కలిపింది.