ప్రతిజ్ఞ నోటికి వస్తే చాలునా?



ప్రతిరోజూ ప్రార్థనలో మనం కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చెబుతాము. మూడో తరగతిలో నేను ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పేవాడిని. ఒకరోజు మాస్టారు "వారసత్వం అంటే ఏమిట్రా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో మాట్లాడేది కోయ భాష. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ అనగా వినలేదు. అర్థం తెలియకుండా చేసింది ప్రతిజ్ఞ అవుతుందా?

ఎవరు రాశారు?

ప్రతిజ్ఞను రాసినది మన తెలుగువారే, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1916లో నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టారు. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో తెలుగులో రాశారు. చైనాతో యుద్ధం వచ్చింది ఆ ఏడాదే. తర్వాత ఇతర భాషల్లోకి అనువదించి, 1965 జనవరి 26 నుండి దేశమంతా బడుల్లో చెప్పిస్తున్నారు. చాలా ఏళ్ళు పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఉండేది కాదు.

వారసత్వం అంటే ఏమిటి?

పెద్దవాళ్ళు మనకు ఇచ్చి వెళ్ళినది. అది తాజ్‌మహల్ ఒక్కటే కాదు. కోయవారి రేలపాట, కొమ్ము నృత్యం, కొండరెడ్ల వెదురు పని, ఎరుకలవారి బుట్టల అల్లిక కూడా దేశ వారసత్వమే. దేశ సంపద రకరకాలుగా ఉందని చెప్పే ఆ వాక్యంలో మనమూ ఉన్నాము. ఈ సంగతి చిన్నపిల్లలకు చెప్పకపోతే, దేశం అంటే ఎక్కడో ఢిల్లీలో ఉండే వేరేవాళ్ళది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మన దగ్గరి ఉదాహరణ

ఉండికి దగ్గరలోనే మోగల్లు ఉంది. అల్లూరి సీతారామరాజు గారి కుటుంబం ఆ ఊరిదే. అడవి చట్టాలు పోడును అడ్డుకున్నందుకు, రోడ్డు పనుల్లో వెట్టి చేయించినందుకు 1922లో మన్యం ప్రజలు ఆయనతో కలిసి తిరగబడ్డారు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఆ పోరాటంలో ముందు నిలిచారు. గంటందొర 1924లో ప్రాణాలు విడిచాడు. జైలు నుండి బయటికొచ్చిన మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుండి ఎన్నికయ్యాడు. కాబట్టి ఈ దేశం మనకు ఎవరో ఇచ్చినది కాదు. మనవాళ్ళు కూడా కలిసి తెచ్చుకున్నది.

ఎలా నేర్పాలి?

ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతుంది. 2004లో మన రాష్ట్రంలో కోయ, సవర, కువి, గోండి మొదలైన 8 భాషల్లో చిన్నపిల్లలకు పుస్తకాలతో బోధన ప్రారంభించారు. మన హాస్టల్లో మనం చేయగలిగినవి:

1. వారానికి ఒక వాక్యం తీసుకొని దాని అర్థాన్ని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇంటి భాషలో చెప్పాలి.
2. మ్యాపులో ముందు మన ఊరు, తర్వాత జిల్లా, రాష్ట్రం, దేశం చూపించాలి.
3. అందరూ సోదరులే అని చెప్పిన నోటితో ఎవరినీ కులం పేరుతో, యాస పేరుతో వెక్కిరించకూడదు. ఇది పెద్ద తరగతుల మనకే ముందు వర్తిస్తుంది.

శనివారం రాత్రి స్టడీ అవర్లో పావుగంట ఇందుకు ఇప్పించమని వార్డెన్ గారిని కోరుచున్నాను. మొదటి వాక్యం నేను చెబుతాను. రెండోది ఎవరు చెబుతారు?