అందరూ ఆహ్వానితులే

చలి వెనక్కి పోయింది. మోదుగ పూలు ఎర్రగా పూశాయి. వేపచెట్టు పూత పట్టింది. మామిడికి పిందె పడింది. ఇది వసంత కాలం.

పల్లెలో వసంతం చెట్ల మీద కనిపిస్తుంది. హైదరాబాదులో గోడల మీద కూడా కనిపిస్తుంది. బస్టాపు దగ్గర, గ్రంథాలయం గేటు దగ్గర, కాలేజీ గోడ మీద కాగితాలు అంటిస్తారు. ఒకచోట కవి సమ్మేళనం. ఇంకోచోట నాటకం. మరోచోట హరికథ. చదువు రాని రోజుల్లో అవన్నీ వట్టి రంగు కాగితాలు. చదువు వచ్చినవారికి అవి పిలుపులు.

ఏమేం జరుగుతాయి?

మార్చి 8 మహిళా దినం. ఆ రోజు ఆడవాళ్ళ సభలు జరుగుతాయి. పాటలు పాడతారు, కవితలు చదువుతారు. మార్చి నెలలోనే కవయిత్రి మొల్ల జయంతి జరుపుతారు. మార్చి 21 ప్రపంచ కవితా దినం. దీన్ని 1999లో యునెస్కో ప్రకటించింది. మార్చి 27 ప్రపంచ నాటక దినం. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినం.

మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఉగాది వస్తుంది. పొద్దున ఉగాది పచ్చడి తింటారు. పంచాంగం వింటారు. ఆ రోజు చాలాచోట్ల కవి సమ్మేళనం పెడతారు. కవి సమ్మేళనం అంటే కవులంతా ఒకచోట చేరి, తాము రాసిన కవితలు వినిపించడం. రేడియోలో కూడా ఉగాది కవి సమ్మేళనం వస్తుంది. తరువాత శ్రీరామనవమి పందిళ్ళు వేస్తారు. అక్కడ హరికథలు, భజనలు జరుగుతాయి.

ఎక్కడ జరుగుతాయి?

అసెంబ్లీకి దగ్గరలో రవీంద్రభారతి ఉంది. కవి రవీంద్రనాథ్ ఠాగూరు పుట్టి నూరేళ్ళు నిండిన సందర్భంగా, 1961లో ఆయన పేరుతో దీన్ని ప్రారంభించారు. ఇక్కడ నాటకాలు, నాట్యాలు, పాట కచేరీలు, సభలు జరుగుతాయి.

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. ఇది 1901లో పెట్టిన గ్రంథాలయం. అప్పుడు నిజాం పాలన. తెలుగు చదువుకు ఆదరణ తక్కువ. అలాంటి రోజుల్లో తెలుగు పుస్తకాల కోసం కొందరు పెద్దలు దీన్ని నిలబెట్టారు.

నగరంలో లింగంపల్లి దగ్గర సురభి కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వీరి నాటకం మొదలైంది. ఆ కాలంలో ఆడ వేషాలు కూడా మగవాళ్ళే వేసేవారు. సురభి వాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే వేదిక ఎక్కించారు. తల్లి, కూతురు, కోడలు అందరూ నటులయ్యారు.

మనకు అర్థమవుతుందా?

ఒక బస్తీలో ఇద్దరు ఆడవాళ్ళు గోడ మీది కాగితం చదివారు. చిన్నామెకు జంకు కలిగింది.

"అక్కా, గీ సభలకు మనమెట్ల పోతం? చదువుకున్నోళ్ళు కూసుంటరు గదా!"

"మరి మనం చదువుకున్నోళ్ళం కాదా చెల్లె? ఈ కాగితం చదివింది ఎవ్వరు?"

"చదివిన గని, కవిత్వం సమజైతదా?"

"హోలీకి జాజిరి పాటలు పాడుతవు. బతుకమ్మకు చీకటి పడేదాక పాడుతవు. అవి సమజైతయి గదా! అది గూడ కవిత్వమే."

పెద్దామె చెప్పింది నిజం. ఊయల పాట, నాటు పాట, దంపుడు పాట ఆడవాళ్ళు కట్టినవే. వాటిని పుస్తకంలో అచ్చు వేస్తే సాహిత్యం అంటున్నారు. నోటితో పాడినప్పుడూ అవి సాహిత్యమే.

మొల్ల సంగతే చూడండి. ఆమె కుమ్మరి ఇంటి బిడ్డ అని చెబుతారు. రామాయణం రాసింది. తాను పెద్ద పండితురాలిని కానని తానే చెప్పుకుంది. వినగానే అర్థమయ్యే తెలుగులో రాయాలని కోరుకుంది. కొన్ని వందల ఏళ్ళు గడిచాయి. ఆమె రామాయణం ఇప్పటికీ చదువుతున్నారు.

సభలో ఒక కవిత అర్థం కాకపోతే సిగ్గు పడనక్కర లేదు. ఇంకో కవిత అర్థమవుతుంది. సభ అయ్యాక కవినే అడగవచ్చు.

కాగితాన్ని ఎలా చదవాలి?

ఇలాంటి కాగితం కనబడిందనుకోండి:

ఉగాది కవి సమ్మేళనం
తేదీ: ఉగాది రోజు
సమయం: సాయంత్రం 5 గంటలకు
స్థలం: గ్రంథాలయం
ప్రవేశం ఉచితం
అందరూ ఆహ్వానితులే

ఇందులో నాలుగు సంగతులు చూడాలి. ఏమిటి? ఎప్పుడు? ఎక్కడ? డబ్బు కట్టాలా? "ప్రవేశం ఉచితం" అంటే టికెట్టు లేదు. "అందరూ ఆహ్వానితులే" అంటే ఎవరైనా రావచ్చు. ఆ "అందరూ" అన్న మాటలో బస్తీ ఆడవాళ్ళు కూడా ఉన్నారు. కొన్నింటికి టికెట్టు గానీ పాసు గానీ ఉంటుంది. కాగితం మీద ఆ మాట కూడా చూసుకోవాలి. దినపత్రికలో నగరం పేజీలో కూడా ఇలాంటి వివరాలు వేస్తారు.

వెళ్ళే ముందు

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం మంచిది. తిరిగి వచ్చే బస్సు ఎన్ని గంటలకో ముందే కనుక్కోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. పిల్లలను కూడా తీసుకుపోవచ్చు. హాలులో వెనక నిలబడవద్దు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోవాలి.

ఇంటి పని ఎప్పుడూ ఉంటుంది. ఏడాదికి ఒక్క సాయంత్రం పాట కోసం, మాట కోసం తీసుకుంటే ఇల్లు ఆగిపోదు. ఆ సాయంత్రం ఇంట్లో మగవాళ్ళు అన్నం వండవచ్చు.

చదివి చెప్పండి

1. కవి సమ్మేళనం అంటే ఏమిటి?
2. రవీంద్రభారతికి ఎవరి పేరు పెట్టారు?
3. సురభి నాటకం ఏ సంవత్సరంలో మొదలైంది?
4. "ప్రవేశం ఉచితం" అంటే ఏమిటి?

చేయండి

మీ వీధిలో గోడ మీద ఉన్న ఒక కాగితం చదవండి. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అనేవి నోటు పుస్తకంలో రాయండి. మీ అమ్మ పాడిన ఒక పాట గుర్తు తెచ్చుకుని, దాన్నీ రాయండి. కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.